గబ్బిలానికి వేసిన రఫూ

మీరే కోశారు. ఇంకెవరో కాదు. దారానికి గాజుపొడి రుద్ది, గులాబీ రంగు పూసి, రోడ్డు పక్కన గుంజలకు చుట్టి ఆరబెట్టి అమ్మినవాళ్లు. అది చాలక నైలాన్ దారం కౌంటర్ కింద దాచి, తెలిసినవాళ్లకు మాత్రం సంచిలో పెట్టి ఇచ్చినవాళ్లు. దాన్ని కొని మేడెక్కి, ఎదుటివాడి పతంగి తెగగానే "ఏ లపేట్!" అని గొంతులు చించుకున్నవాళ్లు. చీకటి పడ్డాక కిందికి దిగి, ఉంధియూ, జిలేబీ తిని, త్రేన్చి పడుకున్నవాళ్లు. పండగ మీకు అయిపోయింది. దారానికి అయిపోలేదు. ఉత్తరాయణం వెళ్లిన తెల్లారి కూడా అది కొమ్మకూ కొమ్మకూ మధ్య బిగిసే ఉంటుంది. ఎవరు వచ్చి తగులుతారా అని చూస్తూనే ఉంటుంది.

సూరత్‌లో బమ్రోలీ దగ్గర, ఊరి మురికినంతా మోసుకుపోయే ఖాడీ ఒడ్డున పెద్ద నిద్రగన్నేరు చెట్టు ఉంది. ఆ తెల్లారి దాని కొమ్మకు వేలాడుతున్నది తెగిన పతంగి అనుకున్నారు అందరూ. నల్లగా ఉంది, గాలికి ఆడుతోంది. పాలపాకెట్టు కోసం బయటికి వచ్చిన స్వరాజ్యం మాత్రం ఆగింది. పతంగికి చెవులుండవు.

స్వరాజ్యానికి యాభై దాటాయి. కరీంనగర్ వైపు నుంచి పెళ్లయిన ఏడే ఈ ఊరొచ్చింది. మొగుడు లక్ష్మీరాజం పవర్‌లూమ్‌లో సాంచాలు నడుపుతాడు. ఆమెది రఫూ పని. మార్కెట్‌కు పోయే చీరల్లో చిల్లు పడ్డవీ, పోగు తెగినవీ ఆమె ఒళ్లోకి వస్తాయి. పడుగు పోగు పడుగుతో, పేక పోగు పేకతో కలిపి ఆమె చిల్లు పూడిస్తే సేఠ్ అద్దం పెట్టి వెతికినా దొరకదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలుసన్న సంగతి గల్లీ మొత్తానికీ తెలుసు. నోరు పెద్దది. నీళ్ల ట్యాంకర్ రాకపోతే మున్సిపాలిటీ ఆఫీసు ముందు మొదట వినబడేది ఆమె గొంతే.

"ఓ లక్ష్మీరాజం! లెవ్వు! చెట్టుకు గబ్బిలం చిక్కింది."

లక్ష్మీరాజం రాత్రి దాకా మేడ మీదే ఉన్నాడు. ఏడాదంతా సాంచాల మోతలో చెవులు పోగొట్టుకునే మనిషి. ఈ పతంగుల పండగ రెండు రోజులే ఆకాశం చూస్తాడు. కళ్లు నులుముకుంటూ వచ్చి తల పైకెత్తాడు.

"సచ్చిందా?"

"ఇంకా లే. నీ దారమే గావచ్చు."

"నాదెట్లయితదే? నాది తెల్లది. గది గులాబీ."

"తెల్లదైతే ముద్దు పెట్టుకుంటదా? కట్టె పట్కరా పో."

వెదురుకట్టె చివర కొడవలి కట్టి, ఇద్దరు మనుషులు కింద దుప్పటి పట్టుకోగా, లక్ష్మీరాజం దారం కోశాడు. గబ్బిలం దుప్పట్లో పడి, నక్కపిల్ల ముఖంతో పళ్లు చూపించింది. పండ్లు తినే పెద్ద జాతి గబ్బిలం అది. గుజరాతీవాళ్లు వాగోళ్ అంటారు. రెక్కలు పరిస్తే మనిషి చేతులు చాచినంత. ఎడమ రెక్క పొర చిటికెనవేలి ఎముక దగ్గర మొదలై కాలి దాకా చీరుకుపోయింది.

"అపశకునం, పొద్దుపొద్దుగాలనే," అన్నది పక్కింటామె.

"అపశకునం దానికి, మనం ఎదురైనం," అంది స్వరాజ్యం. సాంచాల దగ్గర వాడే తోలు గ్లవుజులు మొగుడి దగ్గర గుంజుకుని తొడుక్కుంది.

ప్రతి ఉత్తరాయణానికీ బమ్రోలీలో పక్షుల క్యాంపు పెడతారు. ఒక కమ్యూనిటీ హాలు, నాలుగు బల్లలు, పాత బూట్ల డబ్బాలు, ఒక డాక్టరు. డబ్బాలకు చిల్లులు పొడిచి లోపల పేపరు పరుస్తారు. గాయపడ్డ పావురాన్ని అందులో కూర్చోబెడతారు. అంతా పావురం లెక్కే. గింజలు పావురానివి. డబ్బా పావురానిది. కట్టు పావురానిది. ఈ ఊళ్లో జనం పొద్దున లేచి జొన్నలు చల్లేది పావురాలకు కాబట్టి, దెబ్బ తగిలే ప్రతి ప్రాణీ పావురంలాగే ఉండాలని క్యాంపు పెట్టినవాళ్లు తీర్మానించుకున్నట్టున్నారు. గబ్బిలాన్ని తెస్తే ఏ డబ్బాలో పెట్టాలో ఎవరికీ తెలియలేదు. నిలువుగా వేలాడే జంతువును పావురం డబ్బాలో బోర్లా పడుకోబెట్టారు.

డాక్టర్ హేతల్‌బెన్ మంచి మనిషి. ఆ పొద్దు ఆమె బల్ల ముందు జనం వరసగా నిలబడి ఉన్నారు, ప్రతివాడి చేతిలో ఒక రెక్క వేలాడుతూ. ఆమె గబ్బిలానికి మత్తు సూది వేసింది. అంతలో మెడ కోసుకుపోయిన గద్దను ఎవరో పరుగున తెచ్చారు.

"స్వరాజ్‌బెన్, దీన్ని చూస్తూ ఉండు. గద్ద అయ్యాక వస్తా," అని అటు తిరిగింది.

చూస్తూ ఉండు అంది. చిరిగినదాన్ని చూస్తూ ఊరికే ఉండమంటే స్వరాజ్యం ఎలా ఉంటుంది? ఆమె చేతులు ముప్పై ఏళ్లుగా ఒకే పని చేశాయి. రెక్కను వెలుతురుకు ఎత్తి చూసింది. ఎంత సన్నటి బట్ట! జార్జెట్ కూడా ఇంత సన్నగా ఉండదు. లోపల నరాలు పేక పోగుల్లా అడ్డంగా పోతున్నాయి. చిరుగు అంచులు రెండూ ముడుచుకుని దూరంగా ఉన్నాయి. ఇలాంటి చిరుగు ఒళ్లోకి వస్తే ఆమె ఏం చేస్తుందో అదే చేసింది. ట్రేలో ఉన్న వంకర సూది తీసుకుంది. అన్నిటికన్నా సన్న దారం తీసుకుంది. అంచుకు అంచు కలిపి, బిగువుగా, మడత కనబడకుండా కుట్టింది. కుట్టి, అలవాటు కొద్దీ వేలితో రాసి చూసుకుంది. గరుకు తగల్లేదు.

హేతల్‌బెన్ వచ్చి నెత్తి కొట్టుకుంది. "అరే, ఎవరు కుట్టమన్నారు? నువ్వు డాక్టరువా?"

"గద్ద దగ్గర మీరున్నరు. దీని దగ్గర నేనున్న," అంది స్వరాజ్యం, తన బమ్రోలీ హిందీలో.

డాక్టరమ్మ వంగి కుట్టు చూసింది. చాలాసేపు చూసింది. పక్షి చర్మం చీలితే ఆమె కూడా కుడుతుంది. కానీ ఇంత నున్నగా తనకు రాదు. "బాగానే ఉంది. కానీ ఇంకోసారి నన్ను అడక్కుండా సూది ముట్టావంటే బయటికి పంపిస్తా," అంది. ఆ 'బాగానే ఉంది' అన్న మాట ఒక్కటే స్వరాజ్యం చెవికెక్కింది. ఆ రాత్రి మొగుడికి రెండుసార్లు చెప్పింది. చెవులు సరిగా వినబడవని మూడోసారి కూడా చెప్పింది.

మర్నాడు స్వరాజ్యం వచ్చేసరికి గబ్బిలం డబ్బా మూల ముడుచుకుని ఉంది. పెట్టిన జామపండు అలాగే ఉంది.

"వేలాడదీయాలె దాన్ని. గట్ల బోర్ల పండుకుంటే ఏం తింటది?" అని, కిటికీ ఊచకు తాడు కట్టి, తాను తెచ్చిన డ్యామేజ్ చీర ఒకటి దానిమీద వేసింది. గబ్బిలాన్ని దానికి ఆనించింది. జర్రున జారింది. సూరత్ పాలిస్టర్ మీద గోరు నిలుస్తుందా? మనుషులకే చెమట పీల్చని బట్ట. మళ్లీ ఇంటికి పోయి లక్ష్మీరాజం నూలు లుంగీ తెచ్చి వేసింది. ఈసారి కుడికాలు గోళ్లు పట్టుకున్నాయి. ఎడమకాలు మాత్రం గాల్లోనే ఆడింది. గోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి, కానీ లుంగీని అందుకోలేకపోతున్నాయి. ఒంటికాలి మీద కాసేపు వేలాడి కింద దుప్పట్లో పడింది. మళ్లీ పెట్టింది. మళ్లీ పడింది.

హేతల్‌బెన్ వచ్చి కాలు నొక్కి చూసింది. "ఎముక విరగలేదు. నరం పోయినట్టుంది. స్వరాజ్‌బెన్, చెబుతున్నా విను. వేలాడలేని వాగోళ్ బతకదు. తినలేదు, నిద్రపోలేదు, దాని ఉచ్చ దాని మీదే పడుతుంది. సాయంత్రం క్యాంపు మూసేస్తాం. బతికేవాటిని వ్యాన్‌లో ఊరవతల షెల్టర్‌కు పంపుతాం. దీన్ని పంపను. బాధపడకుండా ఒక సూది వేస్తా."

స్వరాజ్యం గబ్బిలాన్ని దుప్పట్లోంచి ఎత్తి ఒళ్లో పెట్టుకుంది.

తెగింది రెక్క. తను కుట్టింది రెక్క. మరి కాలెట్లా పోయింది? దారం మీద కోపం వచ్చింది, డాక్టరమ్మ మీద వచ్చింది. చివరికి వెళ్లి వెళ్లి తన చేతుల మీద ఆగింది. ఎత్తుకొచ్చింది తను. కుట్టింది తను. ఇప్పుడు సూది వేస్తుంటే పట్టుకునేదీ తనే.

అప్పుడే ఒక పిల్ల భుజాన పెద్ద సంచీ వేసుకుని లోపలికి వచ్చింది. జీన్స్, నలిగిన కుర్తా, ముక్కు మీద మాస్కు. స్వరాజ్యానికి ఆ పిల్ల తెలుసు. నిన్న కూడా వచ్చింది. బ్యాంకు ఉద్యోగి కూతురు, తెలుగువాళ్లే, పేరు ఇందుజ. కాలేజీలో జంతువుల చదువు చదువుతోంది. క్యాంపులో చచ్చిపోయిన పక్షుల్ని, అటవీశాఖ కాగితం చూపించి పట్టుకుపోతుంది. ఉడకబెట్టి ఎముకలు తీసి కొలుస్తుందట. స్వరాజ్యం నిన్ననే ఆ పిల్లకు పేరు పెట్టేసింది.

"అగో, పీనుగుల పోరి వచ్చింది. పో బిడ్డా, పో. ఇదింకా సావలే."

ఇందుజ నవ్వింది. "నమస్తే మాసీ. నేనేం చావమనలేదు కదా."

"అనకుంటే గద్దలెక్క గట్ల సూస్తవేంది?"

ఆ పిల్ల నిజంగానే చూస్తోంది. ఆమె కాలేజీ బీరువాలో పక్షుల ఎముకలు కుప్పలున్నాయి. గబ్బిలాలవి తక్కువ. పెద్ద వాగోళ్ ఒక్కటీ లేదు. సాయంత్రం దాకా ఒక మూల కూర్చుంటే చాలు, అది సంచీలోకి వస్తుంది. ఆ సంగతి ఆమెకూ తెలుసు, స్వరాజ్యానికీ తెలుసు. ఇందుజ సంచీ కింద పెట్టేసి, జేబులోంచి గ్లవుజులు తీసి తొడుక్కుంది.

"నాకు రేబీస్ సూదులు పడ్డాయి మాసీ. నేను పట్టుకోవచ్చు. ఎవరు కుట్టారిది?"

"నేనే. ఏం?"

"చాలా బాగా కుట్టారు."

"గది నాకెర్కే."

"అదే ప్రాబ్లమ్."

స్వరాజ్యం కళ్లు పెద్దవయ్యాయి. చుట్టూ ఉన్నవాళ్లు రెండడుగులు వెనక్కి వేశారు. ఇందుజ ఇదేమీ గమనించినట్టు లేదు. గబ్బిలాన్ని ఒళ్లోకి తీసుకుని, ఎడమ రెక్క చిటికెనవేలిని కొంచెం, కొంచెమే బయటికి లాగింది.

"కాలు చూడండి."

కాలు కదిలింది. రెక్క లాగితే కాలు పైకి వచ్చింది, తోలుబొమ్మ కాలు లేచినట్టు. రెక్క వదిలితే కాలు కొంచెం కిందికి దిగి ఆగిపోయింది. కుడివైపు అలాగే చేసి చూపించింది. కుడి రెక్క తెరుచుకున్నా కుడికాలు హాయిగా చాచుకునే ఉంది.

"నరం పోలేదు డాక్టర్," అంది హేతల్‌బెన్ వైపు తిరిగి గుజరాతీలో. "ఈ పొర రెక్కది ఒక్కదానిదే కాదు. వేళ్ల దగ్గర మొదలై కాలి మడమ దాకా ఒకటే. చిరుగు అంచులు లోపలికి ముడుచుకుపోయి ఉంటే వాటినే లాగి కుట్టేశారు. పొర పొట్టిదైపోయింది. కాలు పైకి కట్టేసినట్టయింది."

హేతల్‌బెన్ తనూ రెక్క లాగి చూసి, "పక్షికైతే ఇలా అవదు," అంది మెల్లగా.

"పక్షికి అవదు."

స్వరాజ్యానికి గుజరాతీ అర్థమవుతుంది. "పక్షికి ఎందుకు గాదు? పక్షికి రెక్క లేదా, కాలు లేదా? జర తెలుగుల చెప్పు. తిట్లు తినేటప్పుడు నా బాసల తింటే సక్కగుంటది."

ఇందుజ కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుంది. ఒళ్లో గబ్బిలం.

"మాసీ, పక్షికి చొక్కా వేరు, ప్యాంటు వేరు. రెక్క పైన, కాలు కింద, మధ్యలో కుట్టు లేదు. అందుకే ఎవరికి ఏది కావాలో అది మార్చుకుంటూ వచ్చాయి. కొంగ బురదలోకి దిగింది, కాళ్లు పొడుగయ్యాయి. అందుకు రెక్కని పర్మిషన్ అడగలేదు. బాతు కాలు తెడ్డు అయింది. గద్ద కాలు కొక్కెం అయింది. నిప్పుకోడి కాళ్లు గుర్రం కాళ్లంత అయ్యాయి, రెక్కలు మాత్రం పనికిరాకుండా పోయాయి. దేని దారి దానిది."

"మరి దీనికి?"

"దీనికి రెండూ కలిపి ఒకటే బట్ట."

"గౌను లెక్క."

"కరెక్ట్, గౌను లెక్క. పైన లాగితే కింద ఎక్కుతుంది. అమ్మ కడుపులో ఉన్నప్పుడు మీ వేళ్ల మధ్య, నా వేళ్ల మధ్య కూడా పొర ఉండేది. తర్వాత కరిగిపోయింది. దీనికి కరగలేదు. వేళ్లు సాగుతూ పోయాయి, పొర కూడా వాటితో పాటు సాగింది, కాలిని కూడా పట్టుకుంది. అందుకని తరాలు తరాలుగా రెక్క మారితే కాలు కూడా వెంట మారాల్సి వచ్చింది. పండు తినేవి ఉన్నాయి, ఎగిరే పురుగుల్ని పట్టేవి ఉన్నాయి. తిండి వేరైతే ఎగిరే తీరు వేరవుతుంది, రెక్క వేరవుతుంది. కానీ కాలిని వదిలేసి రెక్క ఒక్కటీ ఎటూ పోలేదు. మా బీరువాలో ఎముకలు కొలిస్తే అదే కనిపిస్తుంది. గబ్బిలాల్లో రెక్క ఎముక పొడుగు చెబితే కాలి ఎముక పొడుగు దాదాపు చెప్పేయొచ్చు. పక్షుల్లో చెప్పలేం."

స్వరాజ్యం గబ్బిలం ముఖంలోకి చూసింది. అది కూడా చూసింది, తేనెరంగు కళ్లతో, ఏ అభిప్రాయమూ లేకుండా.

"అంటే బతుకుదెరువు ఒక దిక్కు గుంజుతది. పుట్టుక ఇంకో దిక్కు పట్టుకుంటది."

"అదే మాసీ! మా సారు గంటసేపు చెప్పేది అదే."

"గట్లయితే మా ఆయన సాంచాల మీద వంగి వంగి ఒక భుజం కిందికి దిగింది. నా కొడుకు వంగి పుట్టలే మరి? నేను ముప్పై ఏండ్ల సంది సూది వట్టిన. నా బిడ్డ సూది వట్టుకొని పుట్టాలె గదా!"

హాలు మొత్తం నవ్వింది. ఇందుజ కూడా. "అలా రాదు. ఒక్క జన్మలో వంగింది పిల్లలకి పోదు. పుట్టేవాళ్లలో తేడాలుంటాయి, ఆ చోట ఎవరికి బాగా కుదిరితే వాళ్లు ఎక్కువ పిల్లల్ని కంటారు. అలా వేల తరాలు..."

"ఊకో, నాకు వేల తరాలు లేవు. పొద్దుమీకి దాకనే టైమున్నది. ఇప్పుడేం జెయ్యాలె?"

"కుట్టు విప్పాలి."

మాట అందరికీ వినబడింది. స్వరాజ్యం రఫూ విప్పమన్నవాళ్లు ఈ ముప్పై ఏళ్లలో లేరు. సేఠ్‌లు కూడా అనలేదు. హేతల్‌బెన్ చేతులు కట్టుకుని నిలబడింది. "విప్పితే మళ్లీ చిరుగే కదా? రెక్క ఎలా పూడుతుంది?"

"వదిలేస్తే అదే పూడుతుంది డాక్టర్. ఈ పొర గడ్డి మొలిచినంత త్వరగా మొలుస్తుంది. మా సారు చూశారు, పిడికిలంత చిల్లులతో ఎగిరేవాటిని కూడా. శుభ్రంగా ఉంచి, తిండి పెట్టి, వేలాడనిస్తే చాలు. వేలాడాలంటే కాలు అందాలి."

"వదిలేస్తే అదే పూడుతది," అని స్వరాజ్యం తనలో తాను అనుకుంది. చీర వదిలేస్తే పూడదు. చీరకు ఒక చిన్న చిరుగు వదిలేస్తే అంచుదాకా పోతుంది. అందుకే చిరుగు కనబడితే చాలు, ఆమె చేయి దూకుతుంది. చేతిది తప్పు కాదు. ఇది చీర కాదు, అంతే. నేసినదానికి ఒకసారే నేత. దీన్ని లోపలి నుంచి ఎవరో ఇంకా నేస్తూనే ఉన్నారు.

"నువ్వే ఇప్పు," అంది ఇందుజతో.

"నాకు చేతకాదు మాసీ. ఎముకలైతే కోస్తా, ఇంత సన్న కుట్టు విప్పలేను. కత్తెర జారితే ఇంకో చిరుగు. ఎక్కడ ముడి వేశారో నాకు కనిపించడం లేదు కూడా."

"కనిపిస్తే అది రఫూ ఎట్లయితది?" అంది స్వరాజ్యం. ఆ మాటతో కాస్త ప్రాణం లేచి వచ్చింది.

హేతల్‌బెన్ కొంచెం మత్తు ఇచ్చింది. ఇందుజ పట్టుకుంది. స్వరాజ్యం చత్వారం కళ్లద్దాలు సరిచేసుకుని, మొదటి ముడి వెతికి, సన్న కత్తెర మొన దాని కింద దూర్చింది. ఒక్కో పోగు తెంపి, లాగకుండా, వచ్చినంత మేరకే రానిచ్చి తీసింది. కుట్టడం కన్నా విప్పడం ఎప్పుడూ కష్టం. కుట్టేటప్పుడు చెయ్యి తన మాట వింటుంది, విప్పేటప్పుడు బట్ట మాట వినాలి. బయట ఎవడో ఇంకా పాటలు మోగిస్తున్నాడు. పండగ అయిపోయిందని వాడికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సగం విప్పేసరికి కాలు కొంచెం దిగింది. ఇంకొంచెం విప్పేసరికి ఇంకొంచెం. చివరి ముడి తెగాక పొర మెల్లగా పరుచుకుంది. మధ్యలో చిరుగు మళ్లీ నోరు తెరిచింది. స్వరాజ్యం ఆ చిరుగు చూడలేక ముఖం తిప్పుకుంది. అప్పుడు తోలు గ్లవుజు మీద ఏదో బిగుసుకున్నట్టు తగిలింది. ఎడమకాలు చాచుకుని, ఐదు గోళ్లతో ఆమె చూపుడువేలిని పట్టుకుంది.

"ఓయమ్మో! పట్టింది! పిల్లా, పట్టిందే!"

"కదలకండి మాసీ, కదలకండి!"

"నేను కదుల్తలేనే, అది వదుల్తలేదు!"

హేతల్‌బెన్ నవ్వుతూ సిరంజీ ట్రేలో పెట్టేసింది. దాన్ని మళ్లీ ముట్టలేదు.

సాయంత్రం వ్యాన్ వచ్చి పావురాల్ని ఎక్కించుకుపోయింది. గబ్బిలం మాత్రం హాలు వెనక స్టోర్‌రూమ్‌లో, లక్ష్మీరాజం లుంగీకి తలకిందులుగా, రెండు కాళ్ల మీదా వేలాడుతూ, జామపండు నమిలి పిప్పి కింద ఉమ్ముతూ ఉంది. డాక్టరమ్మ అటవీశాఖకు ఫోన్ చేసి చెప్పింది, పూర్తిగా కోలుకునేదాకా ఇక్కడే ఉంటుందని. ఇందుజ ఖాళీ సంచీ భుజాన వేసుకుంది.

"బోణీ కాలేదు మీవల్ల," అంది.

"రేపు రా. నీకు సర్వపిండి చేసి పెడత," అంది స్వరాజ్యం. "పీనుగుల పోరీ అని ఇంక పిలువను."

"మరేమని పిలుస్తారు?"

"ఎముకల పోరి."

తర్వాతి రోజులు హాయిగా సాగాయి. స్వరాజ్యం చీరల మూట స్టోర్‌రూమ్‌లోకే తెచ్చుకుంది. ఎండ పడే వైపు ఆమె, నీడ వైపు అది. ఆమె చిల్లులు పూడుస్తూ ఉంటే అది తన చిల్లు తానే పూడ్చుకునేది. చిరుగు అంచుల్లో మొదట గులాబీ రంగు పొర పుట్టింది, తర్వాత అది ముదిరి నల్లబడింది. స్వరాజ్యం రోజూ గ్లవుజు వేసుకుని రెక్క తెరిచి చూసేది. ఎక్కడా ముడి లేదు, కుట్టు లేదు, గరుకు లేదు. "నాకన్న మంచిగ చేస్తున్నవే ముండా," అని తిట్టేది ముద్దుగా. చీకూలు, అంటే సపోటాలు, కావాలంటే లక్ష్మీరాజం తెచ్చేవాడు. మొదట్లో గొణిగాడు, లుంగీ పోయిందని. తర్వాత సాంచాల నుంచి వస్తూ అడగకుండానే మెత్తటి చీకూలు ఏరి తెచ్చాడు. దానితో అతడు మాట్లాడటం ఒకరోజు స్వరాజ్యం తలుపు సందులోంచి విన్నది. పతంగులు ఎంత ఎత్తుకు పోతాయో చెబుతున్నాడు. గబ్బిలం చెవులు తిప్పి శ్రద్ధగా విన్నది. ఇంట్లో ఆయన మాట అంత శ్రద్ధగా ఎవరూ వినరు.

ఇందుజ వచ్చినప్పుడల్లా సర్వపిండి తిని, గబ్బిలం రెక్క ఎముకా, కాలి ఎముకా బతికి ఉండగానే పైనుంచి కొలుచుకుపోయేది. చచ్చినదాన్ని ఉడకబెట్టేకన్నా ఇదే నయమని స్వరాజ్యం తీర్పు.

మాఘమాసం చివర, ఒక సాయంత్రం, చిరుగు పూర్తిగా పూడింది. హేతల్‌బెన్ చూసి తల ఊపింది. అయితే స్వరాజ్యం దాన్ని వెంటనే వదలనివ్వలేదు.

"ఎక్కడికి వదుల్తరు? గదే చెట్టుకా? చెట్టుమీద దారం ఇంక గట్లనే ఉన్నది. మళ్ల కోసుకొని మళ్ల నా ఒళ్లెకే వస్తది. నా దగ్గర ఇంకో లుంగీ లేదు."

ఆ మాట లక్ష్మీరాజానికి తగిలింది. మర్నాడు సెలవు పెట్టాడు. వెదురుకట్టె, కొడవలి తీసుకుని, తనతో మేడ మీద పతంగులు ఎగరేసిన సాంచాల వాళ్లందరినీ లేపుకొచ్చాడు. తెల్ల దారం, గులాబీ దారం, నైలాన్ దారం, ఖాడీ ఒడ్డున ఉన్న ప్రతి కొమ్మ నుంచీ తీశారు. పొద్దుగూకేసరికి గోతం నిండింది. "నా తెల్లది కూడా ఉన్నది దీన్ల," అన్నాడు లక్ష్మీరాజం, ఎవరూ అడక్కుండానే.

పడమటి ఆకాశం ఎర్రబడి, ఖాడీ అవతలి చెట్ల మీద మిగతా గబ్బిలాలు ఒళ్లు విరుచుకుంటున్న వేళ, స్వరాజ్యం లక్ష్మీరాజం, ఇందుజలతో మేడ మీదికి వచ్చింది. లుంగీతో సహా దాన్ని పిట్టగోడ కమ్మీకి వేలాడదీసింది. అది చుట్టూ చూసింది. రెక్కలు తెరిచింది. రెక్కతో పాటు కాళ్లూ సాగాయి, ఒకే బట్ట ఒకేసారి పరుచుకున్నట్టు. గోళ్లు వదిలింది. కొంచెం కిందికి జారింది. స్వరాజ్యం నోట్లోంచి కేక రాబోయింది, రాలేదు. అది గాలిని పట్టుకుంది. ఖాడీ మీదుగా, మిల్లుల పొగగొట్టాల పక్కనుంచి తిరిగి, చెట్టు చుట్టూ రెండు చుట్లు వేసి, తనవాళ్ల గుంపులో కలిసిపోయింది. కలిసిపోయాక ఏది తను రఫూ చేసిందో కళ్లద్దాలు పెట్టుకున్నా గుర్తుపట్టలేకపోయింది స్వరాజ్యం. రఫూ అంటే అలాగే ఉండాలి.

తర్వాత స్వరాజ్యం నిండిన గోతాన్ని లక్ష్మీరాజం నెత్తికెత్తింది. తను ముందు నడిచింది. గల్లీ చివర మాంజా అమ్మే కొట్టు ముందు గోతం బోర్లించింది. కొట్టువాడు బయటికి వచ్చాడు. నాలుగిళ్లవాళ్లూ వచ్చారు. స్వరాజ్యానికి మున్సిపాలిటీ ఆఫీసు ముందు వాడే గొంతు ఉంది. అది తీసింది.

"ఇని పోండ్రి అందరు. గాజు దారం, నైలాన్ దారం ఈ గల్లీల అమ్ముడు బంద్. ఇయ్యాల్టి సంది. వచ్చే పండుగకు కాదు, ఇయ్యాల్టి సంది. పతంగి ఎగిరేసినోడు తెల్లారి పొద్దెక్కకముందే చెట్టెక్కి తన దారం తనే దించాలె. పొద్దుగూకంగ పక్షులు తిరిగే యాళ్లకు ఒక్క పతంగి కూడా మేడ మీద ఉండొద్దు. ఇగ క్యాంపు పెట్టెటోళ్లు, పావురాల డబ్బాలొక్కటే పెడితే నడ్వది. వేలాడెటియి ఉన్నయి, ఈదెటియి ఉన్నయి, బురదల నిలవడెటియి ఉన్నయి. దేని ఒళ్లు ఎట్ల కలిసి పెరిగిందో తెలిసినోళ్లను పిలువుండ్రి, ఒక నూలు తాడు కట్టుండ్రి, ముట్టుకునేముందు అడుగుండ్రి. కొట్టు లోపల ఏం దాచినవో బయటికి తియ్యి అన్నా. ఇప్పుడే తియ్యి. మేం ఈడనే నిలబడతం."